ఒక్క రాత్రి కొండ పాదాన పడుకుందాం రండి

అక్కలూ, చెల్లెళ్ళూ, ఈసారి మన ముచ్చట వంటింటిది కాదు, పిల్లల పరీక్షలదీ కాదు. ఒక రాత్రిది. ఇల్లూ ఊరూ వదిలిపెట్టి, ఎర్రమట్టి నేల మీద, పెద్ద రాతికొండ పాదాన డేరా వేసుకుని, తెల్లవారేదాకా అక్కడే ఉండే రాత్రిది. వినగానే "మనకెందుకమ్మా ఇవన్నీ" అనకండి. మగపిల్లలు ఎలాగూ వెళ్తున్నారు. సంచి భుజాన వేసుకుని, "రేపొస్తా" అని గుమ్మంలోంచే చెప్పి వెళ్ళిపోతున్నారు. నేను చెప్పేది మన సంగతి.

మన ఖరగ్‌పూర్ ఖరిదా ఆడవాళ్ళు ప్రయాణాలు ఎరగనివాళ్ళు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మన తాతముత్తాతలు పనికోసం ఖరగ్‌పూర్ వచ్చి పడ్డారు. అప్పట్నుంచీ రైలు చప్పుడు లేని రాత్రి మనం ఎరగం. పాసుల మీద తిరుపతి వెళ్ళాం, పూరీ వెళ్ళాం, సింహాచలం చందనోత్సవానికి వెళ్ళాం. ఆడపడుచు పురిటికి వెళ్ళాం, మేనమామ కర్మకాండకి వెళ్ళాం. అన్నిటికీ వెళ్ళాం కానీ, ఊరికే వెళ్ళింది ఎప్పుడు? మొక్కూ లేకుండా, ముహూర్తమూ లేకుండా, చేతిలో ఏ పనీ లేకుండా?

మా వెనక లైన్లో ఉండే పిన్నిని ఇదే అడిగాను. ఆవిడ భర్త గార్డుగా చేసి రిటైరయ్యారు. "నాను సూడని టేసను లేదే అమ్మా," అంది, "గాని ఏ ఊరెల్లినా నా సేతిలో ఏదో ఒక గిన్ని ఉండీది." ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

చలికాలం వస్తే ఇక్కడ పిక్నిక్కులు మొదలవుతాయి కదా. డిసెంబరు, జనవరి నెలల్లో ఏ ఆదివారం చూసినా ఖరగ్‌పూర్ నుంచి బస్సులు కట్టుకుని గడ్బేతా దగ్గర గనగనికి పోతారు. శిలావతి నది ఒడ్డున వర్షమూ నదీ కలిసి ఎర్రటి మట్టిరాతిని కోసికోసి గోపురాలుగా, గుహలుగా, గోడలుగా మలిచిన చోటు అది. 'బెంగాల్ గ్రాండ్ కేన్యన్' అని పేరు పెట్టారు. పాండవులు ఏకచక్రపురంలో తలదాచుకున్నప్పుడు భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని అక్కడివాళ్ళ నమ్మకం. చూడదగ్గ చోటే. కానీ ఆ చోటికి వెళ్ళి మనం చూసేది ఏమిటి? దింపగానే పొయ్యి రాళ్ళు వెతకడం, ఉల్లిపాయలు తరగడం, నలభైమందికి మాంసం ఉడికిందా లేదా చూడటం, ఆకులు వెయ్యడం, ఎత్తడం. మధ్యాహ్నం ఎండలో ఆ రాయి మామూలు ఇటుక రంగులో ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకి పొద్దు వాలుతూ ఏటవాలు వెలుగు పడ్డాక అది నిప్పుకణికలా రాజుకుంటుంది. సరిగ్గా ఆ వేళకే బస్సువాడు హారన్ కొడతాడు. గిన్నెలు లెక్కపెట్టుకుని ఎక్కేస్తాం.

అందుకే నేను రాత్రి ఉండమంటున్నాను. కొండ దగ్గరికి అందరూ వచ్చే వేళ ఒకటి, కొండ తన అందం చూపించే వేళ ఇంకొకటి. జనం వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళకే అది దక్కుతుంది. పైగా రాత్రి ఉండాలంటే వంట సామాను మోసుకుపోలేం. కట్టుకెళ్ళిన మూటతో సరిపెట్టుకోవాల్సిందే. ఆడదాని చేతిలోంచి గరిటె దిగిపోయే ప్రయాణం మన ఇళ్ళల్లో ఇదొక్కటే నాకు కనబడింది.

అయితే రాత్రికి నేను గనగని చెప్పను. ఆ మట్టిరాతి అంచులు పెళుసు. చీకట్లో కాలు పడితే విరిగిపోతాయి, కింద నది. నేను చెప్పేది జయచండీ పహాడ్. పురూలియా జిల్లా రఘునాథ్‌పూర్ పక్కన, ఆద్రాకి నాలుగడుగుల దూరంలో ఉన్న రాతికొండల గుంపు. ఆ పేరు మీద ఒక రైల్వే స్టేషనే ఉంది. గట్టి రాయి, కింద విశాలమైన చదును నేల, ఆ పక్కనే ప్రభుత్వ యూత్ హాస్టలు. కలకత్తా నుంచి పర్వతారోహణ క్లబ్బులవాళ్ళు చలికాలంలో వచ్చి, కొండ పాదాన డేరాలు వేసుకుని, తాళ్ళు కట్టి పిల్లలకి రాయి ఎక్కడం నేర్పుతుంటారు. ఆ పిల్లల్లో సగం మంది ఆడపిల్లలు కనబడినప్పుడల్లా నాకు కడుపు నిండిపోతుంది.

దారి కూడా మనదే అనుకోండి. ఖరగ్‌పూర్‌లో పురూలియా వైపు పోయే రూపసీ బంగ్లా ఎక్కితే, కసాయి నది దాటగానే మేదినీపూర్ వస్తుంది. అక్కణ్ణుంచి సాల చెట్ల అడవి మొదలు. శాల్‌బనీ, చంద్రకోణా రోడ్డు, గడ్బేతా. బిష్ణుపూర్ వచ్చేసరికి నేల ఎరుపు తిరిగిపోతుంది. బాంకురా దాటాక చేలు ఎగుడుదిగుడుగా మారి, ఎక్కడో ఒక గుట్ట, ఇంకెక్కడో ఒంటరి తాటిచెట్టు. మూడు నాలుగు గంటల్లో ఆద్రా. అదీ మన ఖరగ్‌పూర్ లాగే బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టుకున్న ఊరే. అవే ఎర్ర ఇటుక క్వార్టర్లు, అవే వరండాలు. స్టేషను బయట టోటో రిక్షా ఎక్కితే కొండ దగ్గర దింపుతాడు. బండి దిగకముందే కిటికీలోంచి కొండ కనబడుతుంది. ఆ పల్లపు నేల మీద హఠాత్తుగా నిలబడ్డ బోడి రాయి, చెట్టు ఆధారం కూడా లేకుండా.

వెళ్ళగానే డేరా వేసేయండి. వెలుగుండగానే వెయ్యాలి. ఈ రోజుల్లో డేరా అంటే గొడుగు బట్టలాంటి పల్చని నైలాను, మడత పెట్టే సన్నటి కడ్డీలు. ఇద్దరు చేస్తే పావుగంట పని. కానీ ఆ నేల రాతినేల. మేకులు సుత్తితో కొట్టినా దిగవు, వంగిపోతాయి. అందుకని నాలుగు మూలల తాళ్ళనీ బరువైన రాళ్ళకి కట్టి, రాళ్ళ మీద ఇంకో రాయి పెట్టాలి. కింద పరవడానికి టార్పాలిన్ ఒకటి. దాని మీద దుప్పట్లు. మనం పైన కప్పుకోవడానికి మందమైనది దాచుకుని కింద పల్చనిది పరుస్తాం. చలికాలం అక్కడ అది కుదరదు. చలి నేలలోంచి వస్తుంది. మందమైన బొంత కిందే వెయ్యండి. డేరా గాలి కన్నం మూసెయ్యకండి, రెండు వేళ్ళ సందు వదలండి. లేకపోతే తెల్లారేసరికి మన ఊపిరే లోపలి బట్టకి నీటిబొట్లుగా పట్టి మొహాన కారుతుంది.

నాలుగింటికి కొండెక్కాలి. మెట్లున్నాయి, ఐదు వందల దరిదాపు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు సగం ఎక్కి ఆగినా చాలు. దారిలో పాత బురుజు శిథిలం ఒకటుంటుంది. అక్కడ కూర్చోవచ్చు. పైన చండీమాత గుడి, పక్కన హనుమంతుడు. అమ్మవారికి దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగితే కింద లోకమంతా పరుచుకుని ఉంటుంది. చెరువులు, రైలు పట్టాలు, రఘునాథ్‌పూర్ ఇళ్ళు, దూరాన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వారి థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు. సత్యజిత్ రాయ్ 'హీరక్ రాజార్ దేశే' సినిమా తీసింది ఇక్కడే, 1980లో వచ్చింది. బడులు మూయించిన రాజుకి ఎదురు తిరిగిన పంతులు, సౌమిత్ర ఛటర్జీ వేసిన ఉదయన్ పండితుడు, దాక్కునే కొండలు ఇవే. మన పక్కింటి బెంగాలీ పిల్లల్ని అడగండి, కథంతా చెప్తారు. కింద రాయ్ పేరిట ఒక వేదిక కూడా కట్టారు.

పొద్దు కుంకేలోపు దిగిపోవాలి. ఇది గట్టిగా చెబుతున్నాను. చీకట్లో మెట్లు దిగడం, సెల్‌ఫోను లైటుతో రాళ్ళమీద తిరగడం వద్దే వద్దు.

ఇక రాత్రి. ఏడయ్యేసరికి చివరి కార్లు కూడా వెళ్ళిపోతాయి. బఠాణీ చాట్ బండివాడు, టీ కొట్టువాడు మూసుకుంటారు. కుక్కలు కాసేపు అరిచి ఊరుకుంటాయి. అప్పుడు వెళ్ళి ఆ రాతికి చెయ్యి ఆనించి చూడండి. మన బుగ్గలు చలికి గడ్డకట్టుకుపోతుంటాయి, రాయి మాత్రం గోరువెచ్చగా ఉంటుంది. పగలంతా తాగిన ఎండని నెమ్మదిగా వదులుతుంది. టార్చి వేసి దగ్గరగా చూస్తే, దూరం నుంచి బూడిదరంగుగా కనిపించిన రాయిలో లేత గులాబీ పలుకులు, గాజులా తెల్లటి పలుకులు, మధ్యమధ్య అభ్రకం తళుకులు. వేలితో రాస్తే చిన్న పలుకు ఊడి చేతికి వస్తుంది. అక్కడక్కడ రాయి పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంటుంది. ఒక పెచ్చు కింద ఇంకో పెచ్చు. పెద్దగా తట్టకండి, లోపల బోలుగా మోగుతుంది, ఊడి మీద పడుతుంది.

అది ఎందుకలా ఉంటుందో తెలుసుకుంటే ఆ రాయి మీద గౌరవం పెరుగుతుంది. ఛోటానాగపూర్ పీఠభూమి రాయి అది. నూరు కోట్ల ఏళ్ళ పైబడ్డ వయసు. భూమి లోతుల్లో, మోయలేని బరువు కింద, వేడిలో పుట్టింది. పైనున్న పొరలన్నీ యుగాల తరబడి వానకీ గాలికీ కొట్టుకుపోయాక బయటపడింది. మీద బరువు తొలగేసరికి ఒళ్ళు విప్పుకుంది. ఆ విప్పుకోవడంలోనే పగుళ్ళు. పగటి ఎండ, రాత్రి చలి, పగుళ్ళలోకి దిగే నీళ్ళు మిగతా పని చేస్తున్నాయి. ఆ రాతికి వీపు ఆనించి కూర్చుని నేను ఆలోచించాను. ఇంత బరువు కింద ఇన్నాళ్ళుండి, అది దిగాక ఇలా నిలబడిందే అని. నా చుట్టూ ఉన్న అక్కలు చాలామంది గుర్తొచ్చారు. పిల్లల పెళ్ళిళ్ళు చేసి, అత్తమామల్ని సాగనంపి, ఇప్పుడు ఏం చెయ్యాలో తోచక కూర్చున్నవాళ్ళు.

ఆకాశం సంగతి కూడా చెప్పాలి. పూర్తి చీకటి ఉండదు, థర్మల్ స్టేషను వెలుగు ఒకవైపు ఉంటుంది. అయినా మన మలంచా రోడ్డు మీంచి కనబడే ఆకాశం కాదు అది. పిల్లలకోడి నడినెత్తిన, దాని వెనకే గొల్లకావడి. రాత్రి పొద్దుపోయాక ఈశాన్యం నుంచి సప్తర్షులు లేస్తారు. చిన్నప్పుడు శ్రీకాకుళంలో అమ్మమ్మగారి పెరట్లో నులకమంచం మీద ఎవరు ఏ చుక్క చూపించారో ఒక్కొక్కరూ తవ్వి తీస్తారు. పున్నమికి వెళ్ళినా బాగుంటుంది. చలికాలపు పున్నమి చంద్రుడు నడిరాత్రికి బాగా ఎత్తుకి ఎక్కుతాడు, రాళ్ళ నీడలు కాళ్ళకిందికి ముడుచుకుంటాయి. చుక్కలు కావాలంటే అమావాస్య చూసుకోండి, భయం తగ్గాలంటే పున్నమి. మొదటిసారికి పున్నమే నయం.

ఇలా రాళ్ళ పక్కన రాత్రి గడిపేవాళ్ళు వేరే దేశాల్లోనూ ఉన్నారు. మాకు చుట్టరికం ఉన్న అమ్మాయి ఒకతి ఆస్ట్రేలియాలో ఉంటోంది. ఆ దేశం నడిబొడ్డున, టెనెంట్ క్రీక్ ఊరికి దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో కార్లూ కార్లూ అనే చోటుంది. ఇంగ్లీషువాళ్ళు 'డెవిల్స్ మార్బుల్స్' అన్నారు. ఎడారి మీద గుండ్రటి గ్రానైటు బండలు, ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టుంటాయి. జయచండీ రాయి ఎలా పొరలు పొరలుగా ఊడుతుందో అవీ అలా ఊడి ఊడి గుండ్రబడినవే. అక్కడ బండల పక్కనే డేరాలు వేసుకునే స్థలం ఉంది. ఆ పిల్ల భర్తతో, పసిబిడ్డతో వెళ్ళి పడుకుని వచ్చింది. వాళ్ళమ్మ ఖంగారు పడి నాకు ఫోన్ చేసింది, "పురిటి పచ్చి ఆరలేదు, ఎడారిలో పడుకుందిట" అని. పిల్ల మాత్రం, ప్రసవమయ్యాక హాయిగా నిద్రపోయింది ఆ రాత్రే అంది.

ఆ బండల కథ ఒకటి మీకు చెప్పాలి. వరుముంగు మొదలైన అక్కడి ఆదివాసీలకి అవి పవిత్రం. 1953లో, ఎగిరే వైద్యుల సేవ మొదలుపెట్టిన జాన్ ఫ్లిన్ అనే ఫాదరీ సమాధి మీద పెట్టడానికి ఒక బండని ఎత్తుకుపోయి నాలుగు వందల కిలోమీటర్ల దూరాన ఆలిస్ స్ప్రింగ్స్‌లో పెట్టారు. ఆయన మంచివాడే, కానీ ఆ బండ ఎవరిదో వాళ్ళని అడగలేదు. ఆదివాసీలు ఏళ్ళ తరబడి అడిగి అడిగి, చివరికి 1999లో దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. సమాధి వట్టిది కాకూడదని, ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతపు అరెర్న్టె ఆదివాసీలు తమ నేల నుంచి ఇంకో బండ ఇచ్చారు. 2008లో కార్లూ కార్లూ నేలంతా దాని సొంతదారులకి తిరిగి దక్కింది. ఇంకా పెద్దది ఉలూరూ. 348 మీటర్ల ఎత్తున్న ఎర్రరాయి. అనంగు జాతివాళ్ళు ఎక్కొద్దని ఎన్నో ఏళ్ళు వేడుకున్నాక 2019 అక్టోబరు 26న ఎక్కడం పూర్తిగా ఆపేశారు. ఉలూరూ పక్కన డేరా వెయ్యనివ్వరు, పార్కు బయట యులారాలో ఉండాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన కొండకీ సొంతదారులున్నారు. అమ్మవారి కొండ అది, చుట్టుపక్కల పల్లెల నిత్యపూజ అది. రాళ్ళ మీద పేర్లు, గుండె బొమ్మలు రంగుతో రాసినవి చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. స్పీకరు బాక్సులు పెట్టుకుని తెల్లవార్లూ పాటలు మోగించడం చూస్తే ఇంకా. మనం వెళ్తే మంట రాతికి ఆనించి వెయ్యొద్దు, మసి ఏళ్ళు గడిచినా పోదు. అసలు మంటే వద్దు. తెచ్చిన ప్లాస్టిక్ సంచి, తిన్న ఆకు, తాగిన సీసా, అన్నీ తిరిగి మన సంచిలోనే రావాలి.

ఇప్పుడు భయాల సంగతి. మీరు నోరు తెరిచి అడగరని నాకు తెలుసు కనుక నేనే చెబుతాను.

మొదటిది బాత్రూము. మనం ఎన్ని చోట్లకి వెళ్ళకుండా ఆగిపోయామో ఈ ఒక్కదానికోసం. యూత్ హాస్టల్లోనో పక్క కాటేజీల్లోనో ఒక గది తీసుకోండి, డేరా దాని ప్రాంగణంలోనో ఆనుకునో వేసుకోండి. గది డబ్బు బాత్రూముకీ, వాన వస్తే తలదాచుకోవడానికీ అనుకోండి. డబ్బు కట్టేముందు తలుపు గడియ పడుతుందా, నీళ్ళొస్తున్నాయా, లైటుందా, మీ కళ్ళతో చూడండి. రాత్రి ఇద్దరిద్దరుగా వెళ్ళండి. సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేసి కూర్చోకండి, అది మన పాత అలవాటు, మూత్రంలో మంటా జ్వరమూ తెచ్చిపెడుతుంది. నెలసరి ఆ తేదీకి పడిందని ఆగిపోవద్దు. గుడి మెట్లెక్కడం మానడం మీ ఇష్టం, ప్రయాణం మానకండి. వాడినవి కట్టి తెచ్చుకోవడానికి కాగితం, గట్టి కవరు పెట్టుకోండి.

రెండోది పాములు. చలికాలంలో అవి తక్కువ తిరుగుతాయి. అందుకే వానాకాలం, దాని ముందు ఎండాకాలం వద్దంటాను. ఈ ప్రాంతంలో భయపడాల్సింది కట్లపాముకి. నేలమీద పడుకున్నవాళ్ళ పక్కలోకి రాత్రిపూట దూరుతుంది, కరిచిన నొప్పి కూడా తెలియదు. కాసేపటికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం. అలా ఉంటే మంత్రం, వేరు, కట్టు అంటూ ఒక్క నిమిషం పోగొట్టొద్దు. రఘునాథ్‌పూర్‌లో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది, తిన్నగా అక్కడికే. రాకుండా చేసుకోవడం తేలిక. అడుగు కుట్టేసి ఉన్న డేరానే తీసుకోండి, లోపలికి వెళ్ళినా బయటికి వచ్చినా జిప్పు పూర్తిగా లాగండి, చెప్పులు లోపలే పెట్టుకోండి, తినుబండారాలు డబ్బాల్లో మూసేయండి. ఎలకలు రాకపోతే పాము వచ్చే అవకాశం తగ్గుతుంది.

మూడోది మనుషులు. ఈ భయం పెద్దదే, లేదని చెప్పను. నలుగురికి తక్కువ వెళ్ళకండి. ఎక్కడుంటున్నారో హాస్టలువాళ్ళకీ, స్థానిక పోలీసు స్టేషనుకీ, ఇంట్లోనూ చెప్పండి. దూరంగా ఏకాంతం వెతుక్కోవద్దు, వెలుగు కనబడే చోటే డేరా. బెంగాలీ మన నోట్లో నానిన భాషే కాబట్టి టీ కొట్టు పెద్దావిడతోనో గుడి దగ్గర పూలమ్మేవాళ్ళతోనో ముందే నాలుగు మాటలాడండి. ఊళ్ళో ఒక ఆడమనిషి మీ మొహం ఎరిగి ఉంటే అదే పెద్ద అండ.

ఆ జిల్లా ఆడవాళ్ళ గురించి తెలిస్తే మీకింకా ధైర్యం వస్తుంది. మనం ధనుర్మాసంలో గొబ్బెమ్మలు పెట్టినట్టే వాళ్ళ ఆడపిల్లలు పౌష మాసమంతా టుసు పూజ చేస్తారు. సంక్రాంతి ముందు రాత్రి, అంటే మన భోగి రాత్రే, తెల్లవార్లూ మేలుకుని టుసు పాటలు పాడి, పొద్దున్నే రంగుకాగితాల పల్లకీలు నదికి మోసుకుపోతారు. ఆ పాటలే ఒకప్పుడు ఉద్యమమయ్యాయి. ఆ ప్రాంతం బీహారులో మానభూమ్ జిల్లాగా ఉన్నప్పుడు, తమ బెంగాలీ తమకి కావాలని 1954లో టుసు పాటలు పాడుతూ సత్యాగ్రహం చేశారు, జైళ్ళకి వెళ్ళారు. 1956 ఏప్రిల్‌లో పాక్‌బిరా పల్లె నుంచి కలకత్తా దాకా వందలమంది నడిచారు. మానభూమ్ జనని అని పిలిపించుకున్న లావణ్యప్రభా ఘోష్ ఆ పోరాటాన్ని ముందుండి నడిపినవారిలో ఒకరు. చివరికి 1956 నవంబరు 1న పురూలియా బెంగాలులో కలిసింది. ఆ తేదీ మీకు తెలిసిందే కదా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందీ ఆ రోజే. ఇక్కడ ఇన్ని తరాలుగా తెలుగు నిలబెట్టుకున్న మనం, 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయిస్తే వీధిలో మిఠాయి పంచుకున్న మనం, ఆ ఊళ్ళకి చుట్టాల్లాగే వెళ్ళాలి.

"ఈ వయసులో రాళ్ళ దగ్గర మనకేం పని" అనేవాళ్ళకి ఒక్క మాట. ఈ వయసు కాకపోతే మీ ఆడపిల్లల్నయినా పంపండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో కూలివాళ్ళ ఇంట్లో పుట్టి, గురుకుల పాఠశాలలో చదువుకున్న మాలావత్ పూర్ణ మొదట తాడు పట్టుకుంది భువనగిరి కోట బండ మీద. 2014 మే 25న పద్నాలుగేళ్ళు కూడా నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆ బండ మీదికి పిల్లని పంపినప్పుడు ఆ తల్లి ఎంత గుబులుపడి ఉంటుందో తల్చుకుంటాను. మన పిల్లలు ఎవరెస్టు ఎక్కక్కర్లేదు. చీకట్లో నలుగురు స్నేహితులతో డేరా వేసుకుని, కష్టమొస్తే ఏం చెయ్యాలో తెలిసి, పొద్దున్న ఇంటికి వచ్చారంటే చాలు. ఆ పిల్లలకి రేపు ఏ ఊళ్ళో ఉద్యోగమొచ్చినా భయముండదు.

తిండి గురించి అడుగుతారు కనుక చెబుతున్నా. మెత్తటి చపాతీలు, దబ్బకాయ పులిహోర, మినపసున్నుండలు. సంక్రాంతి తరవాతైతే కాల్చిన తేగలు దొరికితే తెచ్చుకోండి, చలిలో ఒలుచుకు తింటూ కూర్చుంటే రెండు గంటలు తెలియవు. మురీ, అంటే మరమరాలు, ఒక సంచెడు, ఆవనూనె, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. అక్కడ అందరూ తినేది అదే. రెండు ఫ్లాస్కుల్లో టీ నింపి ఇవ్వమంటే టీ కొట్టువాడే ఇస్తాడు. ఎవరైనా "స్టవ్వు పట్టుకెళ్దాం, రెండు నిమిషాల్లో ఉప్మా" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఉప్మా మొదలైతే ప్లేట్లు కడగడం మొదలవుతుంది.

డిసెంబరు ఆఖరివారం వెళ్ళొద్దు. జయచండీ పర్యాటక ఉత్సవం ఆ రోజుల్లోనే, కాలు పెట్టే సందుండదు. సంక్రాంతి వెళ్ళాక, జనవరి ఆఖరు నుంచి మార్చి మొదటిదాకా మంచిరోజులు. మార్చి దగ్గర పడేకొద్దీ మోదుగలు పూసి ఆ ఎర్రనేల మీద ఇంకో ఎరుపు లేస్తుంది, చలి కూడా కాస్త తగ్గుతుంది, పెద్దవాళ్ళకి అదే సుఖం. తిరుగు ప్రయాణంలో రఘునాథ్‌పూర్‌లో టస్సరు పట్టు నేసేవాళ్ళ ఇళ్ళు చూసి రండి. కొనకపోయినా సరే, మగ్గం దగ్గర నిలబడి చూడండి.

ఆఖరున ఇంటి సంగతి. వెళ్ళే ముందు రోజు రెండు పూటలకీ కూరలు వండి, డబ్బాల్లో సర్ది, ఏది ఎప్పుడు వేడి చెయ్యాలో కాగితం మీద రాసి అంటించి వెళ్ళే అలవాటు మనందరికీ ఉంది. ఈ ఒక్కసారి అది మానేయండి. అత్తగారికి మందులు ఎక్కడున్నాయో చెప్పండి, అది చాలు. అన్నం పెట్టుకోవడం ఇంట్లో మిగతావాళ్ళకి వచ్చు, రాకపోతే ఆ రాత్రికి నేర్చుకుంటారు. అడిగితే "రేపు మధ్యాహ్నం బండికి వస్తాను" అనండి. ఇంకేమీ చెప్పక్కర్లేదు. తేదీ ఖాయం చేసుకున్నాక మాత్రం నాకు రాయండి, ఎంతమంది వెళ్తున్నారో, ఎవరికి డేరా కావాలో. మా ఇంట్లో ఉన్నది ముగ్గురికి సరిపోతుంది, ఇస్తాను.